ముఖం చూడని ఆటగాడు

జనగామలోని మా విశ్రాంత ఉద్యోగుల భవనంలో ఎవరైనా మరణించినప్పుడు సంతాప తీర్మానం వ్రాసే బాధ్యత నాది. తీర్మానానికి ఒక క్రమమున్నది. జన్మస్థలము, ఉద్యోగంలో చేరిన సంవత్సరము, పనిచేసిన మండలాలు, పదవీ విరమణ, కుటుంబము, చివర రెండు నిమిషాల మౌనము. ఆయనకు కూడా అదే క్రమంలో వ్రాసినాను, సభలో నిలబడి చదివినాను. చదువుతున్నంతసేపు ఎవరిని గురించి చదువుతున్నానో నాకే అర్థం కాలేదు. ఆ కాగితంలో అన్నీ ఉన్నవి, ఆయన ఒక్కడే లేడు.

అందువల్ల ఇది వ్రాస్తున్నాను. పేరు మాత్రం వ్రాయను. ఆయన తన నోటుపుస్తకంలో ఏ ఒక్కరి పేరూ వ్రాయలేదు. మనుషులకు అంకెలు వేసేవాడు. నాకు వేసినది నాలుగు. ఆయన మాకిచ్చిన ఆ మర్యాదను ఆయన విషయంలో నేనూ పాటించడం న్యాయమని తోచింది.

భవనంలో మధ్యాహ్నం మూడు గంటల నుండి ఐదింటి దాకా మూడు ముక్కలాట సాగేది. పందెం చింతగింజలు. మనిషికి నలభై గింజలు పంచాలని, ఐదు కొట్టగానే అన్నీ తిరిగి డబ్బాలో పోయాలని నియమం పెట్టినది నేనే. పేకాట అన్న మాటే నాకు గిట్టేది కాదు. ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న కాలంలో విద్యార్థుల సంచులలో దొరికిన పేక కట్టలను వంటగది పొయ్యిలో వేయించినవాడిని. అయితే భార్య గతించిన తరువాత మధ్యాహ్నాలు నాకు పొడవైనవి. పత్రిక చదువుటకని భవనానికి వెళ్ళేవాడిని. ఒకనాడు బల్ల వద్ద నాలుగో మనిషి కొరవడినాడు, కూర్చున్నాను. ఆయన కాక అక్కడ ఇద్దరుండేవారు. ఒకరు బస్సు కండక్టరుగా విరమణ చేసినవారు, ఇంకొకరు పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసినవారు.

ఆట తెలియనివారి కొరకు కొంత చెప్పాలి. మనిషికి మూడు ముక్కలు వేస్తారు. చూసుకొని, చేతిలో బలముంటే గింజలు పెంచుతారు, లేకుంటే ముక్కలు పారవేసి తప్పుకొంటారు. బలం లేకపోయినా ఉన్నట్లు పెంచి, ఎదుటివాడు భయపడి తప్పుకొనేటట్లు చేయవచ్చును. కండక్టరు తన బస్సు టైర్ల భాషలో దీనిని ‘గాలి కొట్టుడు’ అనేవాడు. చివరకు ఇద్దరు మిగిలినప్పుడు ఒకరు షో అడిగితే ముక్కలు తిప్పి చూపాలి. కనుక ఆట మొత్తానికి ప్రశ్న ఒక్కటే. ఎదుటివాడు ఉండి పెంచుతున్నాడా, గాలి కొడుతున్నాడా?

ఈ ప్రశ్నకు జవాబు కొరకు లోకమంతా ముఖం చూస్తుంది. కండక్టరు మా కనురెప్పలు చూసేవాడు. కాంపౌండరు జ్వరం వచ్చిన పశువును పరీక్షించినట్లు మా చెవులు చూసేవాడు. ఆయన మాత్రం ఏనాడూ ఎవరి ముఖమూ చూడలేదు. చూపు గింజల మీద ఉండేది, పెన్సిలు చెవి మీద ఉండేది, ఒళ్ళో ఒక పొడవాటి నోటుపుస్తకం ఉండేది. షో అయిన ప్రతిసారి పెన్సిలు తీసి ఆ మనిషి పేజీలో ఒక గీత గీసేవాడు. ఎన్నో చుట్టులో పెంచినాడు, అంతకుముందు ఆట గెలిచినాడా ఓడినాడా, ముక్కలు తిప్పినప్పుడు చేతిలో ఏమున్నది అన్నవి గడులు. గీతలు కూడేటప్పుడు పెదవులు కదిలేవి. “ఏక్, ది, తీన్...” అని తన ఇంటి భాషలో లెక్కించేవాడు. ఆయనది మహబూబాబాద్ దగ్గరి ఒక తండా.

“తెలుగులో చక్కగా మాట్లాడుతారు గదా, లెక్కకు ఆ భాష ఎందుకు?” అని ఒకసారి అడిగినాను.

“తెలుగుల మాట్లాడుత సార్, ఇంగ్లీషుల రాస్త. లెక్క మాత్రం మా యాడి, మా అమ్మ, నేర్పిన మాటలనే వస్తది. గా మాటలల్ల అయితే తప్పు పోదు.”

ఉద్యోగం గణాంక శాఖలో. బచ్చన్నపేట, జఫర్‌గఢ్, మహదేవపూర్ మండలాలలో చేలు కొలిచినాడు. కోతకు ముందు చేనులో ఒక చదరపు మడి కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, అందులోని పంటను మాత్రం కోసి, ఎండబెట్టి, తూచి, దానిని బట్టి ఊరి దిగుబడి లెక్కగట్టడం ఆయన పని. ఆ చేతులే ఇప్పుడు మమ్మల్ని కొలుస్తున్నవి.

ఒకనాడు కాంపౌండరు వరుసగా రెండాటలు ఓడి, మూడో ఆటలో తన ముందున్న గింజలన్నీ మధ్యకు తోసినాడు. కండక్టరు వెంటనే ముక్కలు పారవేసినాడు. నేనూ పారవేసినాను. కాంపౌండరు ముఖంలో ఒక్క నరమూ కదలలేదు.

“ఏందే, చూస్తవా పారేస్తవా? జల్ది తేల్చు. నా చాయ్ సల్లారుతుంది.”

ఆయన ముఖమెత్తలేదు. పేజీ తిప్పినాడు. పెదవులు కదిలినవి. “షో” అన్నాడు.

కాంపౌండరు ముక్కలు తిప్పితే రెండు, ఐదు, తొమ్మిది. ఒకదానికొకటి పొంతన లేదు.

“అరె! నా మొఖం మీద ఏమన్న రాసి ఉన్నదా?”

“మొఖం మీద లేదన్నా, పేజీ మీద ఉన్నది. రెండాటలు ఓడినంక నువ్వు మొత్తం తోస్తే, పదిట్ల ఏడుసార్లు ఉత్తదే.”

కండక్టరు బల్ల చరిచి నవ్వినాడు. “గీయనకు మనం మనుషులం కాదుర బై! మక్క కంకులం. ఒలిచి, ఎండబెట్టి తూకమేస్తడు.”

ఆయన కూడా నవ్వినాడు. గింజలు దగ్గరకు తీసుకొంటూ నాతో మెల్లగా అన్నాడు. “మొఖం ఒక్క పూటది సార్. గీతల మొత్తం ఏడాదిది.”

ఆయన మాటలో ‘ఎప్పుడూ’ అన్న పదం వినబడదు. దానికి బదులు ‘ఎక్కువసార్లు’ అంటాడు. వాన ఎక్కువసార్లు సాయంత్రం వస్తుంది. హనుమకొండ బస్సు ఎక్కువసార్లు నిండుగా వస్తుంది. గతించిన భార్యను తలచుకొన్నప్పుడు కూడా, “నన్ను ఎక్కువసార్లు మంచిగ చూసుకున్నది సార్” అనేవాడు. ఆ మాటలో ఆమె పట్ల ఎంత ప్రేమ ఉండేదో, కోపపడిన ఆ తక్కిన రోజులను కూడా ఆయన ఎంత భద్రంగా దాచుకొన్నాడో నాకు వినబడేది. కండక్టరు వదిలేవాడు కాదు. “సావు గూడ ఎక్కువసార్లు వస్తదానె?” అని అడిగినాడు ఒకరోజు. ఆయన నిజంగానే ఆలోచించినాడు. “నాకు తెల్సిన కాడికి మనిషికి ఒక్కపాలే అన్నా. గని నేనింక చూడలే” అన్నాడు.

ఒక నియమం మాత్రం ఆయన నవ్వులాటకు కూడా సడలించలేదు. కొత్త మనిషి బల్ల వద్దకు వస్తే ముప్పై షోలు పూర్తయ్యేదాకా అతని మీద తీర్పు చెప్పడు. భూముల రిజిస్ట్రేషను శాఖలో చేసినాయన ఒకరు కొన్ని వారాలు వచ్చినారు. చేతిలో ఏమీ లేకుండా పెంచుతున్నాడని మా ముగ్గురికీ రెండో రోజే తెలిసిపోయింది. ఈయన మాత్రం తన ముక్కలు పారవేస్తూనే ఉన్నాడు.

“కొత్తల్లునికి పెట్టినట్టు పెడుతున్నవ్ గదనే!” అన్నాడు కండక్టరు.

“ముప్పై కానీ అన్నా. ముప్పైకి తక్కువ చూసి మనిషి మీద మాట చెప్పద్దు. పాపం తాకుతది.”

చింతగింజల ఆటలో పాపమెందుకు వచ్చిందో నాకు ఆనాడు బోధపడలేదు. అతిశయోక్తి అనుకొన్నాను. భాషలో అతిశయోక్తిని నేను క్షమించను గనుక కొంచెం చిన్నచూపు కూడా కలిగింది.

నా పేజీని ఆయన ఒకసారి తానే తెరిచి చూపినాడు. ఇతరుల పేజీలలో గీతలు నాలుగు దిక్కులా చెదరి ఉన్నవి. నా పేజీలో అన్నీ ఒకే గడిలో, వరుసలో నిలబెట్టిన విద్యార్థుల వలె ఉన్నవి. నేను పెంచిన ప్రతిసారి నా చేతిలో కనీసం జత ఉన్నది. లేనప్పుడు పారవేసినాను. అందువల్ల నేను పెంచగానే ఆయన తప్పుకొనేవాడు, ఆయనను చూసి మిగతా ఇద్దరూ తప్పుకొనేవారు. నా నలభై గింజలు ఏనాడూ యాభై కాలేదు.

“సార్, ఒక్కపాలన్న గాలి కొట్టున్రి. మిమ్ముల నమ్మి ముగ్గురం పారేస్తం. డబ్బ మొత్తం మీదే” అన్నాడు.

“లేనిది ఉన్నట్లు చూపుట నాకు రాదు.”

“రాదని ఎట్లంటరు సార్? ఇంకా కొట్టలే, గంతే. కొట్టనోడు కొడితే నా లెక్కకు దొరకడు. గీ బల్ల మీద నాకు భయమంటే మీరొక్కరే.”

నేను దానిని ప్రశంసగా స్వీకరించినాను. ఇంటికి వెళ్ళే దారిలో, నిజం చెప్పాలంటే, కొంత గర్వపడినాను కూడా.

గడచిన ఆషాఢంలో ఆయన చొక్కా వదులైంది. గీతలు వంకరపోవడం మొదలైంది. కడుపు నొప్పి అని చెప్పి రెండు మూడు రోజులు రాలేదు. కొడుకు భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేస్తాడు. అతడు వచ్చి తండ్రిని హనుమకొండకు తీసుకొనిపోయి పరీక్షలు చేయించినాడు. ఆ తరువాత ఒక ఉదయం మా ఇంటి గేటు వద్ద నిలబడినాడు. నడివయస్సు మనిషి, కణతల వద్ద వెంట్రుకలు నెరసినవి. చేతిలో దవాఖాన కవరు.

“సార్, బాపుకు ఇంక చెప్పలే. లోపల గడ్డ. ఆపరేషనుకు దాటిపోయిందట. డాక్టరు సారు రెండు మూడు నెలలన్నడు, అంతకంటే ముందే అయినా కావచ్చన్నడు.”

కాగితాలు నేను రెండుసార్లు చదివినాను. “ఆయనకు చెప్పవలసిందే. లెక్కల మనిషి. ఆయన లెక్కను ఆయనకు దాచుట అవమానము” అన్నాను.

“మా యాడికి చెప్పినం సార్. చెప్పిన్నాడే ముద్ద బంద్ చేసింది. పదకొండో రోజుకు పోయింది. మళ్ల గట్ల చూడ నాతోని కాదు.” అతడు గేటు కమ్మీలను రెండు చేతులా పట్టుకొన్నాడు. “నేను చెప్తె నమ్మడు. డాక్టరు చెప్తె, ఆయన షోలు నేను చూడలే అంటడు. మీరు చెప్తెనే నమ్ముతడు. కడుపుల పుండు అని ఒక్కమాట చెప్పున్రి సార్. మీకు దండం పెడుత.”

కాదన్నాను. మరల కాదన్నాను. అతని చేతులు కమ్మీలను వదలలేదు. మూడోసారి ఒప్పుకొన్నాను. కరుణ చూపుతున్నానని నాకు నేను చెప్పుకొన్నాను.

రెండు రోజులకు ఆయన భవనానికి వచ్చినాడు. మూడింటికి ముందే వచ్చినాడు, నేను తప్ప ఎవరూ లేరు. బల్లను అరచేతితో తుడిచి, డబ్బాలోని గింజలు పోసి, నాలుగు కుప్పలు పెట్టినాడు. అప్పుడు మాట్లాడినాడు.

“రిపోర్టు మీరు చదివిన్రట.”

“చదివినాను.”

“ఏం రోగమని అడుగుతలేను సార్. నాకొకటే తెల్వాలె. మక్క కోతల దాక ఉంటనా?”

ఇటువంటి ప్రశ్న వస్తుందని నేను అనుకొనలేదు. కోతలతో మీకేమి పని అని అడిగినాను. అప్పుడు చెప్పినాడు. ఆయనకు ఒక అన్న ఉన్నాడన్న సంగతే ఆనాటి దాకా నాకు తెలియదు.

ఉద్యోగం చివరి దినాలలో ఆయనను సొంత తండా ఉన్న మండలానికే వేసినారు. ఆ యేడు వానలు లేవు. తండాలో మక్క చేలు మోకాలెత్తులోనే ఎండినవి. ఊరికి నాలుగు మడులు కొలవాలి. ఏ చేనులో కొలవాలో ముందే అంకెల పట్టిక ప్రకారం తేలుతుంది, కొలిచేవాడి ఇష్టం కాదు. నాలుగింటిలో రెండు అంకెలు కుంట కింది చేల మీద పడినవి. తండా మొత్తంలో పచ్చగా ఉన్నవి ఆ కొద్ది చేలే. అన్న వచ్చి, “రెండు గుంటలు పక్కకు జరిగి మెట్టల కొలువు తమ్మీ, ఎవరికి ఎరుక?” అన్నాడు. ఈయన జరుగలేదు. అంకె ఎక్కడ పడితే అక్కడే మేకులు కొట్టినాడు. సగటు ఎక్కువ వచ్చింది. ఊరికి పంట బీమా పరిహారం రాలేదు. అన్న ఆ యేడు ఎద్దులను అమ్మినాడు. తమ్మునితో మాట మానివేసినాడు.

“నేను రూల్ తప్పలే సార్. ఇయ్యాల్టికి తప్పలే అనే అంట. గని నాలుగు మడులు చూసి ఒక తండా కడుపు మీద మాట చెప్పిన. నాలుగు! చింతగింజల ఆటల గూడ నేను ముప్పైకి తక్కువ చూడ. మా వోళ్ళ తిండి కాడ నాలుగు చూసిన. నాలుగు సాలవు, నేను ఒప్పుకోను అని పైకి ఒక్క కాగితం రాయొచ్చు. రాయలే.” గింజల కుప్పను వేలితో సరిచేసినాడు. “‘అన్నా, నీదే సరి’ అని ఒక్కమాట చెప్పాలె. గంతే.”

“అయితే రేపే వెళ్ళి చెప్పండి.”

“చేను నిలవడి ఉన్నది సార్ ఇప్పుడు. నిలవడ్డ చేను కాడికి నేను పోతే, మళ్ల కొలవ వచ్చిండు అంటడు. ఊరంత గదే అంటది. గా దినం టేపు పట్టుకొని పోయింది గసొంటి చేన్లకే. కోతలై, కంకి ఇల్లు చేరినంక, ఖాళీ చేన్ల నిలవడి చెప్పాలె. అప్పుడైతే ఉత్త చేతులతోని వచ్చిండు అని నమ్ముతడు. టైముంటే గట్ల పోత. లేదంటరా, ఏమన్న అననీ, తిట్టనీ, రేపు పొద్దుగాల బస్సుకే పోత. మీరు చెప్పున్రి.”

ఇక్కడ నేను ఆగవలసింది. కొడుకు కోరినది తండ్రి తిండి మానకుండా ఉండుటకు ఒక మాట. ఈయన అడుగుతున్నది వేరు. ఇది తెలిసీ నా కళ్ళ ముందు గేటు కమ్మీలను పట్టుకొన్న ఆ చేతులే మెదిలినవి. ఇచ్చిన మాట తప్పరాదన్న నా పాత శిక్షణ తప్పుడు చోట నన్ను నిలబెట్టింది.

“పుండు మాత్రమే. మందులతో మానుతుంది. కోతలైన తరువాత నిదానంగా వెళ్ళండి” అన్నాను.

నిదానంగా అన్న పదాన్ని కొడుకు అడుగలేదు. అది నేను చేర్చినది.

కళ్ళద్దాలు తీసి, తుడవవలసిన అవసరం లేకున్నా తుడిచినాను. కండక్టరు ఉండి ఉంటే అరక్షణంలో పట్టుకొనేవాడు. చదువురాని మనిషి కూడా పట్టుకొనేవాడు. ఆయన చూపు గింజల మీద ఉన్నది. ఆయన నా ముఖాన్ని కాదు, ఆరేండ్ల నా పేజీని చూస్తున్నాడు. ఆ పేజీలో ఒక్క గీత కూడా పక్క గడిలోకి పోలేదు.

“సాలు సార్,” అన్నాడు. “మీ మాటకు నేను షో అడుగ.”

అప్పుడే కండక్టరు లోపలికి వచ్చినాడు. “ఏందన్నా, మొఖం గిట్ల ఎలిగిపోతున్నది? ముసలితనంల పెండ్లి కుదిరిందా ఏంది?”

“కోతలైనంక మా అన్న ఇంటికి పోతున్న.”

“ఇంకా ఎవడు కొలవమన్నడే నిన్ను?”

“కొలవ పోతలేనన్నా. ఉత్తగనే పోతున్న.”

ఆనాడు ఆయన బాగా ఆడినాడు. ఐదు కొట్టేసరికి సగం గింజలు ఆయన ముందే ఉన్నవి. ఆరేండ్లలో మొదటిసారి, అంతగా నవ్వుతూ ఉండి కాబోలు, రెండు షోలకు గీతలు గీయడం మరచినాడు.

దిద్దుకొనుటకు నాకు సమయం లేకపోలేదు. శ్రావణమంతా ఉన్నది. ప్రతిరోజు మధ్యాహ్నం ఆయన నాకు ఎదురుగానే కూర్చున్నాడు. ఇంకా నెల ఉన్నది, ఇంకా ఇరవై దినాలున్నవి అని నేను వాయిదా వేసినాను. భాద్రపదం మొదట్లో ఆయన బల్ల వద్దకు రావడం మానినాడు. హనుమకొండ దవాఖానలో చేర్చినారని కాంపౌండరు చెప్పినాడు.

మరునాడు ఉదయం బస్సులో బయలుదేరినాను. ఇప్పుడైనా చెప్పాలని నిశ్చయించుకొన్నాను. ఏ పదంతో మొదలుపెట్టాలి, ఎక్కడ క్షమాపణ చెప్పాలి అని దారిలో కూర్చుకొంటూ పోయినాను. ఘనపురం చేరేసరికి వాక్యం సిద్ధమైంది. మంచి వాక్యం. దోషం లేదు.

ఆయన పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. కాళ్ళు దుప్పటి కింద రెండు కట్టెల వలె ఉన్నవి. నన్ను గుర్తించినాడు. కోడలు లేచి నాకు కుర్చీ ఇచ్చింది.

“మక్కలు ఎట్లున్నయి సార్ తొవ్వల?”

“కంకిలో పాలు పోసుకొన్నవి.”

కళ్ళు మూసుకొన్నాడు. పెదవులు కదిలినవి. ఏక్, ది, తీన్. “అయితె ఇంక ముప్పై ముప్పై అయిదు దినాలు. ఎక్కువసార్లు గంతే పడుతది” అన్నాడు. కొంతసేపటికి మరల కళ్ళు తెరిచినాడు. “పుండు గింత సతాయిస్తదా సార్?”

ఘనపురం వద్ద సిద్ధమైన వాక్యం నా నోటి వద్దనే ఉన్నది. అది చెప్పినా ఈ స్థితిలో ఆయన ఏ బస్సూ ఎక్కలేడు. ఎక్కగలిగిన దినాలను నేనే గడవనిచ్చినాను. అయినా చెప్పవచ్చును. అన్నను పిలిపించండి అనవచ్చును. అది కూడా ఆ మంచం పక్కన నాకు తోచలేదు. తిరుగు బస్సులో తోచింది.

“ఒక్కొక్కసారి సతాయిస్తుంది” అన్నాను.

రెండోసారి అబద్ధమాడుట మొదటిసారి కన్న సులువు. ఏడు పదుల వయసు దాటిన తరువాత ఈ పాఠం నేర్చుకొన్నాను.

ఎనిమిదో రోజున పోయినాడు. కొడుకు శవాన్ని తండాకే తీసుకొనిపోయినాడు. కండక్టరు, నేను కలిసి వెళ్ళినాము. మహబూబాబాద్ దాటిన తరువాత తండా దారికి రెండు వైపులా మక్క చేలు మనిషెత్తు దాటి నిలబడి ఉన్నవి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నవి. వ్యాను ఆ చేల మధ్య నుండి మెల్లగా పోయింది.

అన్నను ఎవరూ చూపనవసరం లేకపోయింది. చెవులూ, నుదురూ తమ్మునివే. చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు. వ్యాను ఆగగానే దిగి వచ్చి, కొడుకును పక్కకు జరిపి, పాడెకు ఒక మూల తానే భుజం పెట్టినాడు. ఏడువలేదు. దారిలో ఒకచోట అడుగు తడబడితే నలుగురు చేయి వేయబోయినారు, వారిని కళ్ళతోనే వారించినాడు.

అన్నీ ముగిసి, అందరూ స్నానాలు చేసిన తరువాత అన్న తన ఇంటి ముందరి మంచం మీద ఒంటరిగా కూర్చున్నాడు. నేను వెళ్ళి ఎదుట నిలబడినాను. ఎవరి ముందూ చేతులు కట్టుకొని నిలబడిన అలవాటు నాకు లేదు. ఆనాడు నిలబడినాను.

“మీ తమ్ముడు మీ వద్దకు రావాలనుకొన్నాడు. కోతలైన తరువాత. ‘అన్నా, నీదే సరి’ అని మీతో చెప్పాలనుకొన్నాడు. నాలుగు మడులు చాలవని చెప్పాలనుకొన్నాడు. వ్యవధి ఉన్నదా అని నన్ను అడిగితే ఉన్నదని నేను చెప్పినాను. అది అబద్ధము. నాకు తెలిసే చెప్పినాను. ఆయన రాకపోవుటకు కారణం నేను.”

ముసలాయన నన్ను కింది నుండి పైకి చూసినాడు.

“నువ్వెవలు సారు?”

“ఆయన స్నేహితుడిని. జనగామ.”

“ఎన్నేండ్ల సంది ఎరుక వాడు నీకు?”

“ఆరేండ్లుగా.”

“నాకు వాడు పుట్టిన్నాటి సంది ఎరుక.” చేతికర్రను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకొన్నాడు. “గోలీలాడంగ నాదే సరి అనలే. బర్లు కాయంగ అనలే. బాపు సచ్చి పంపకాలు చేసుకోంగ అనలే. గా మక్క చేను కాడ నేను కాళ్ళు ఒక్కటి పట్టుకోలే, అయినా అనలే. ఒక్కపాలు అనలే సారు వాడు. గసొంటోడు నీతోని అన్నడా?”

“అన్నాడు. ఇదే మాటతో అన్నాడు.”

“సచ్చినోని మీద అందరు మంచిమాటనే చెప్తరు. నువ్వు సదువుకున్నోనివి. జర ఎక్కువ మంచిగ చెప్పినవ్.”

“నేను చెప్తున్నది నిజం.”

జీవితమంతా నా మాటను ఎవరూ రెండోసారి అడుగలేదు. ఆ గడప ముందు నేను మూడోసారి చెప్పినాను. బల్ల, గింజల కుప్పలు, ఆయన వేలితో సరిచేసిన కుప్ప, అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, అన్నీ వరుసగా చెప్పినాను. చెప్పిన కొద్దీ, ఎవరో కూర్చి పెట్టిన కథ వలె నా చెవికే వినబడింది. ముసలాయన మధ్యలో ఆపలేదు. వింటూ నా ముఖం వైపు చూస్తూ ఉన్నాడు. చాలాసేపు చూసినాడు. ఆ తరువాత లేచి, కుండలో ముంచి, చెంబు నా చేతికిచ్చినాడు.

“సరే సారు, అన్నడు. అన్నడు పో. జర నీళ్ళు తాగు.”

తాగినాను. ముసలాయన నమ్మలేదు.